కాగితం మీద వేరుకాపురం

"విడాకులు కాదని ఎన్నిసార్లు చెప్పాలే? విడిగా ఉంటున్నట్టు ఒక కాగితం. అంతే."

నిన్నటి నుంచి సూరిబాబు ఈ మాట అనడం నాలుగోసారి. అన్న ప్రతిసారీ గొంతు ఇంకాస్త తగ్గించి, ఇంకాస్త మెత్తగా అంటున్నాడు. ఆ మెత్తదనమే వీరదుర్గకు మింగుడు పడటం లేదు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఆమెతో ఇంత నెమ్మదిగా మాట్లాడిన రోజులు తక్కువ. వాటిలో ఒక్కటీ ఊరికే వచ్చింది కాదు.

శుక్రవారం, ఈ అరబ్బు దేశంలో వారం సెలవు. మిర్డిఫ్‌లోని ఆ విల్లాలో శుక్రవారం పదింటికి ముగ్గురూ కలిసి కూర్చుని పెసరట్టు తినడం అలవాటు. ఇవాళా కూర్చున్నారు. పళ్లేల్లో అట్లు చల్లారిపోతున్నాయి. కూతురు భార్గవి అల్లం పచ్చడిలో వేలు ముంచి, ఆ వేలిని అలాగే పట్టుకుని తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూస్తోంది.

నిన్న ఆ పిల్ల పాస్‌పోర్టు కాపీ కోసమే వీరదుర్గ భర్త ఆఫీసు బ్యాగు తెరిచింది. కాపీ దొరకలేదు. తొమ్మిది పేజీల ఇంగ్లీషు కాగితాలు దొరికాయి. ఏడో తరగతితో చదువు ఆపిన మనిషికి అందులో అర్థమైనవి మూడే. తన పేరు, ఆయన సంతకం, ఆ సంతకం పక్కన తన కోసం వదిలిన ఖాళీ గీత.

అడిగితే సూరిబాబు దాచలేదు. అదే ఆమెకు మరీ వింతగా తోచింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, తన క్యాటరింగ్ కంపెనీలో కొత్తగా చేరిన వాడికి పని నేర్పినంత ఓపిగ్గా చెప్పాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీకి అద్దెకిచ్చిన ఆరంతస్తుల బిల్డింగు, కాకినాడ కోల్డ్ స్టోరేజి, రొయ్యల చెరువులు అన్నీ కలిపి ఇండియాలో ఆయన ఆదాయం ఏడాదికి ఏడు కోట్లు దాటుతోంది. ఐదు కోట్లు దాటిన వాళ్లకి పన్ను మీద మళ్లీ పన్ను వేస్తున్నారు. రెండేళ్ల కిందటి బడ్జెట్లో దాన్ని పెంచారు. కోవిడ్‌తో దేశం చేసిన అప్పు తీరాలంటే కోటీశ్వరుల దగ్గర ఇంకా పిండాలని ఇప్పుడు రోజూ టీవీల్లో మాట్లాడుతున్నారు. బిల్డింగు భార్య పేరన రాస్తే ఆదాయం రెండుగా చీలి భారం తగ్గుతుంది. కానీ మొగుడు పెళ్లానికి ఊరికే రాసిచ్చింది మొగుడి ఆదాయం కిందికే వస్తుందని చట్టం. ఒక్క దారి ఉంది. ఇద్దరూ విడిగా బతకడానికి ఒప్పందం చేసుకుని, అందులో భాగంగా రాసిస్తే అది భార్యదే అవుతుంది. మార్చి ముప్పై ఒకటి లోపల అయిపోవాలి. ఆడిటర్ శ్యాంప్రసాద్ గారు అన్నీ చూసుకున్నారు. నువ్వు సంతకం పెడితే చాలు.

వినడానికి ఎక్కడా తేడా లేదు. అందుకే వీరదుర్గకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

"నాన్నా, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు." భార్గవి చేయి కడుక్కొచ్చి కూర్చుంది. యూనివర్సిటీలో ఎకనామిక్స్ మొదటి సంవత్సరం. ఏడాదిగా క్లాసులన్నీ ఇంట్లోనే, లాప్‌టాప్ ముందే. "ఈ కోవిడ్‌లో దేశానికి ఎంత అప్పు అయిందో నువ్వే అంటున్నావు. దాన్ని ఎవరో ఒకరు తీర్చాలి కదా. ఉన్నవాళ్ల మీద పెంచకుండా ఎవరి మీద పెంచుతారు? మన బనియాస్ మెస్సులో గిన్నెలు తోమే మాణిక్యం బాబాయి మీదా? ఊళ్లో వాళ్లింట్లో సబ్బుబిళ్ల కొన్నా ఇప్పటికే పన్ను పడుతోంది."

"ఆ అప్పు నేను చేశానా?"

"నువ్వు చేశావని ఎవరన్నారు?"

"నేను చేసిన అప్పు నేను తీర్చాను. వీసాకి చేసింది. వడ్డీతో సహా. అప్పుడు ఏ గవర్నమెంటూ వచ్చి ఇందులో సగం మేం కడతాం అనలేదు." సూరిబాబు మంచినీళ్ల గ్లాసు దూరంగా జరిపాడు. "సంపాదించింది చూసి మాత్రం అందరూ వస్తారు."

వీరదుర్గ తల వంచుకుని అట్టు ముక్క తుంపింది. ఆ వీసా అప్పు తీర్చింది తన జీతం. అబూదబీలో ఒక అరబ్బు ఇంట్లో ఐదేళ్లు పనిమనిషిగా, వాళ్ల మాటలో ఖద్దామాగా, పనిచేసి, పదకొండు మందికి బట్టలుతికి, తెల్లారుజామున లేచి రొట్టెలు కాల్చి సంపాదించిన జీతం. ఆయన వచ్చింది మూడో ఏట, ఆమె పంపిన డబ్బుతోనే. ఆ మాట ఆమె అనలేదు. ఎప్పుడూ అనలేదు.

భార్గవి వదల్లేదు. చెరువుల దాకా రోడ్డు వేసింది ఎవరని అడిగింది. మావయ్యకి కోవిడ్ వస్తే ఇరవై రోజులు ఆక్సిజన్ పెట్టి పైసా తీసుకోకుండా ఇంటికి పంపింది గవర్నమెంటు ఆసుపత్రి కాదా అంది. చివరికి ఆ మాట కూడా అనేసింది.

"ఇది దొంగ ఒప్పందం నాన్నా. మీరిద్దరూ విడిగా ఉండటం లేదు."

సూరిబాబు లేచాడు. ఆదాయం పన్నే లేని దేశంలో కూర్చుని, తండ్రి డబ్బుతో చదువుకుంటూ, తండ్రికి పన్ను పాఠాలు చెప్పడం సులువేనన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వీరదుర్గకి కాస్త స్థిమితంగా ఉండేది.

ఆయన మెట్ల దాకా వెళ్లాక అడిగింది. "కడితే ఎంత ఎక్కువ పోద్దండీ?"

"ఏడాదికి పాతిక, ముప్పై లక్షలనుకో."

పోయినేడాది మెస్సులు సగం మూతపడి ఉన్న రోజుల్లోనే ఆయన కారు మార్చాడు. దానికి అంతకంటే ఎక్కువే పెట్టాడు. అలాంటి మనిషి పాతిక లక్షల కోసం పెళ్లాన్ని కాగితం మీద వదులుకుంటాడా? ఆ లెక్క ఆమెకు ఎటు నుంచి చూసినా సరిపోవడం లేదు. ఇంకొక ఆడది ఉందా అన్న అనుమానం మొదటిసారి తగిలింది.

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు బ్యాగు మళ్లీ తెరిచి తొమ్మిది పేజీలూ ఫోనులో ఫోటోలు తీసుకుంది. హడావిడిలో రెండు ఫోటోలు చెదిరిపోయాయి. మళ్లీ తీసింది. పంపు ఆగిన చప్పుడు వినిపించేసరికి బ్యాగు జిప్పు ఎంత వరకు వేసి ఉందో గుర్తుపెట్టుకుని అంతవరకే వేసింది.

కూతురి చేత చదివించొచ్చు. కానీ అందులో ఏముందో తెలియదు. ఉండకూడనిది ఏదైనా ఉంటే ఆ పిల్ల జన్మలో తండ్రి ముఖం చూడదు. వీరదుర్గకు అది ఇష్టం లేదు.

ఆదివారం పొద్దున సూరిబాబు ఆఫీసుకు బయల్దేరగానే ఆమె టాక్సీ పిలిపించుకుని సిటీలోని పాత పేట సత్వాకి వెళ్లింది. ఇంటి కారులో వెళితే డ్రైవర్ ఎక్కడ దింపాడో సాయంత్రానికల్లా ఆయనకు తెలుస్తుంది. ఇన్నాళ్లూ ఆ సంగతి ఆమెకు పట్టలేదు. ఇవాళ పట్టింది.

సత్వాలో ఒక పాత బిల్డింగు రెండో అంతస్తులో జమీలాబీ ఉంటుంది. కడప జిల్లా మనిషి. అబూదబీలో వీరదుర్గ పనిచేసిన ఇంటి పక్కింట్లోనే పనిచేసేది. రెండిళ్ల మధ్య ఉన్న గోడ మీదుగా ఇద్దరూ ఊరగాయలు, కన్నీళ్లు మార్చుకున్నారు. ఇప్పుడు ఆ ఫ్లాటులో ఎనిమిది మంచాలు వేసి, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు అద్దెకిస్తోంది. తలుపు తీసి, మాస్కు సరిచేసుకుని, వీరదుర్గ ముఖం చూసి ఏమీ అడగకుండా టీ పెట్టింది.

చెప్పిందంతా విన్నాక కింద టైపింగ్ సెంటర్లో నయీమ్ ఉన్నాడంది. నిజామాబాద్ వాడు. పదిహేనేళ్లుగా వీసా కాగితాలు, అద్దె ఒప్పందాలు, కోర్టు అర్జీలు ఇంగ్లీషు నుంచి అరబ్బీలోకి రాయించి ఇస్తుంటాడు. చదవడం వచ్చు, చదివింది బయట చెప్పకపోవడం కూడా వచ్చు.

నయీమ్ ప్లాస్టిక్ అద్దం వెనక కూర్చుని ఫోటోలన్నీ తన కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు. పెదాలు కదుపుతూ చదివాడు. వీరదుర్గ ఆ పెదాల వంకే చూస్తూ నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఇద్దరు ఇష్టంతోటే ఇడిగ ఉంటున్నరని రాసిండ్రమ్మా. లడాయి ఏం లేదు. హైదరాబాద్ల బిల్డింగు మొత్తం మీకే ఇస్తుండు. ఇగ దాని మీద సారుకు హక్కు లేదు. అద్దె మీదే, అమ్ముకుంటే పైసలు మీయే. మీరు తర్వాత ఖర్చులకని ఇంకేం అడగొద్దు. గంతే."

జమీలాబీ వీరదుర్గ భుజం తట్టింది. "బిల్డింగు నీకే రాసిచ్చినాడు గదమ్మే. దీంట్లో మోసం ఏముండాది? ఊరికే బెంగ పెట్టుకుంటివి."

వీరదుర్గకు ఒక్కసారిగా సిగ్గేసింది. మొగుడి బ్యాగు దొంగచాటుగా తెరిచింది. దొంగచాటుగా ఇంత దూరం వచ్చింది. ఆయన చెప్పిందంతా అక్షరాలా నిజం. కళ్లు తుడుచుకుని, ఎంతివ్వాలని నయీమ్‌ని అడిగింది.

నయీమ్ ఇంకా తెర మీద పేజీ పైకీ కిందికీ జరుపుతున్నాడు.

"ఆగుండ్రి. ఏడు పేజీలకు గది అయిపోయింది. ఆఖరి రెండు పేజీలు వేరే కాగితం. పవర్ ఆఫ్ అటార్నీ. అయ్యప్ప అంటే ఎవరమ్మా?"

"మా మరిది."

"గాయన పేరు మీద ఇస్తున్నరు. అద్దె తీసుకునుడు, బ్యాంకుల కుదువ పెట్టుడు, అమ్ముడు, ఎవరికన్న రాసిచ్చుడు అన్నిటికి మీ తరఫున గాయన సంతకం చాలు. మిమ్ముల అడిగే పని లేదు." కాస్త ఆగి, తప్పు తాను చేసినట్టు మెల్లగా అన్నాడు. "పేజీ నంబర్లు మాత్రం ఒకటి నుంచి తొమ్మిది దాంక వరసగ ఏసిండ్రు. చూసేటోళ్లకు అంతా ఒక్కటే కాగితమనిపిస్తది."

బయట వీధిలో ఎవరో హిందీలో కూరగాయల బేరం ఆడుతున్నారు.

అయ్యప్ప పేరు వినగానే వీరదుర్గకు అబూదబీ ఇంటి వంటగది కళ్లముందుకొచ్చింది. మొదటి మూడేళ్లు పంపిన డబ్బుతో ఊళ్లో అరెకరం కొన్నామని, అప్పటికే ఈ దేశం వచ్చిన సూరిబాబు ఫోనులో చెప్పిన రోజు, ఆమె అక్కడ గిన్నెలు తోముతోంది. సంతోషంతో ఏడ్చింది. సెలవులో వెళ్లాక తెలిసింది, అది అయ్యప్ప పేరన ఉందని. మనిద్దరం ఊళ్లో లేము గదా, సంతకానికి ఒక మనిషి ఉండాలి గదా అన్నాడు సూరిబాబు. ఆ అరెకరం ఇప్పటికీ అయ్యప్పదే. దాని మీద ఇల్లు కూడా కట్టుకున్నాడు. గృహప్రవేశానికి ఆమె చీర పంపింది.

పైకొచ్చాక జమీలాబీ గట్టిగానే చెప్పింది. సంతకం పెట్టొద్దు. ఏం చేస్తాడో చేయనీ. కాగితం కొరికి మింగినా పర్లేదు, వేలు మాత్రం పెట్టొద్దు.

"పెట్టకపోతే ఇలాగే ఉంటాను జమీలక్కా."

"ఇట్లా ఉంటే ఏమైందిలే? బంగారట్లా ఇల్లు, బంగారట్లా బిడ్డ."

"నా పేరన ఏముంది?" వీరదుర్గ చేతిలోని ఫోనుని చూపించింది. "ఈ సిమ్ము కార్డు కూడా ఆయన పేరనే."

జమీలాబీ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది.

మూడు రోజులు వీరదుర్గ ఇంట్లో మామూలుగానే తిరిగింది. మామూలుగా ఉండటం ఎంత కష్టమో ఆ మూడు రోజుల్లో తెలిసింది. సూరిబాబు చేపల పులుసు బాగుందన్నాడు. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. ఆయన అడిగిన ప్రతి మంచిమాటా ఆమె రెండు వైపులా తిప్పి చూసుకుంది. నిజంగా అడుగుతున్నాడేమో. నిజంగా అడగటం లేదేమో. ఇరవై నాలుగేళ్లు పక్కన పడుకున్న మనిషిని ఇలా తూచవలసి రావడం కంటే దరిద్రం ఇంకొకటి లేదనిపించింది.

ఒకసారి అడిగేద్దామనుకుంది కూడా. మంగళవారం ఆయన షూలేసులు కట్టుకుంటుంటే దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన తలెత్తి ఏమిటన్నాడు. లంచ్ బాక్సులో పెరుగు పెట్టలేదని చెప్పింది.

బుధవారం మధ్యాహ్నం నాలుగింటికి శ్యాంప్రసాద్ వచ్చాడు. అసలు కాగితాలు తెచ్చాడు. దళసరి కాగితం, ప్రతి పేజీ కిందా సూరిబాబు సంతకం. సాక్షులుగా శ్యాంప్రసాద్, ఆయన ఆఫీసులో ఒకాయన ముందే సంతకాలు చేశారు. అంతా పూర్తయి, ఆమె ఒక్కతి కోసమే ఆగి ఉంది. వీరదుర్గ కాఫీలు పెట్టింది. తను కూడా ఒకటి తెచ్చుకుని, ఎన్నడూ లేనిది, వాళ్ల ఎదురుగా సోఫాలో కూర్చుంది.

శ్యాంప్రసాద్ ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పసుపు రంగు చీటీలు అంటించి తెచ్చాడు. తొమ్మిది చీటీలు.

"ఈ ఆఖరి రెండూ తీసేయండి శ్యాంప్రసాద్ గారూ," అందామె.

శ్యాంప్రసాద్ చేయి చీటీ మీదే ఆగిపోయింది. సూరిబాబు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నీకెవరు చెప్పారు?"

"చదివించుకున్నాను."

"ఎవరి చేత?"

మొదటిసారి ఆమెకు ఆయన కళ్లలో తన కళ్లలో ఉన్నదే కనిపించింది. ఎవరి చేత చదివించింది, ఎప్పుడు వెళ్లింది, ఇంకెవరికి తెలుసు అని ఆయన లోపల ఒక్కొక్కటే వెతుక్కుంటున్నాడు. వారం రోజులుగా ఆమె చేస్తున్న పని అదే.

శ్యాంప్రసాద్ సర్దిచెప్పబోయాడు. అది మామూలుగా రాసేదేనన్నాడు. ప్రతి చిన్నపనికీ మేడమ్ హైదరాబాదు వెళ్లలేరు కదా, అక్కడొక మనిషి ఉంటే సౌకర్యమని పెట్టామన్నాడు.

"అలాగైతే భార్గవి పేరన రాయండి. అదీ మేజరే గదా."

"చిన్నపిల్ల. దానికేం తెలుసు?" సూరిబాబు అన్నాడు. "అయ్యప్ప నా తమ్ముడు. నా తమ్ముణ్ణి నమ్మవా?"

"అరెకరం అప్పుడూ ఇదే మాట అన్నారండీ."

ఆ ఊసు ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్ల తర్వాత వచ్చింది. సూరిబాబు ముఖం ఎర్రబడింది. పాత సంగతులు ఇప్పుడెందుకన్నాడు. తాను ఎవరి కోసం చేస్తున్నానన్నాడు. రేపు ఇంకో బడ్జెట్ వస్తుంది, అప్పు తీర్చాలంటూ ఆస్తి మీద కూడా పన్ను వేస్తారు, అప్పుడు ఇదంతా ఎవరికి మిగులుతుంది, నీకూ నీ కూతురికీ కాదా అన్నాడు. మాట్లాడుతున్న కొద్దీ మాటలు ఆమె వైపు కాకుండా శ్యాంప్రసాద్ వైపు పోతున్నాయి.

ఆయన ఆగేదాకా వీరదుర్గ ఆగింది.

"నాకు పన్ను సంగతి తెలీదండి. ఒక్కటి అడుగుతాను. మిమ్మల్ని నమ్మి నేను నా మొగుణ్ణి కాగితం మీద వదులుకోవాలి. ఊళ్లో ఎవరికి తెలిసినా ఏమంటారో మీకు తెలుసు. అయినా నమ్మమంటున్నారు. నన్ను నమ్మి మీరొక బిల్డింగు వదల్లేరా?"

భార్గవి ఎప్పుడొచ్చిందో, మెట్ల మీద నిలబడి ఉంది. చెవుల్లో హెడ్‌ఫోన్లు ఉన్నాయి గాని తీగ ఎక్కడా తగిలించి లేదు.

సూరిబాబు కిటికీ బయట స్ప్రింక్లర్లు గడ్డి మీద తిరుగుతుంటే అటు చూశాడు. నుదురు రుద్దుకున్నాడు. చివరికి శ్యాంప్రసాద్‌తో, వ్యాపారం మాట్లాడే గొంతుతో అన్నాడు.

"వదిలేయండి. పన్నే కట్టేద్దాం."

శ్యాంప్రసాద్ నమ్మలేనట్టు చూశాడు. నాలుగు నెలలుగా ఈ మనిషి పన్ను వేసినవాళ్లని తిట్టని రోజు లేదు. తన చెమట తెచ్చి ఎవరి అప్పుకో ఎందుకు పోయాలని ఫోను చేసినప్పుడల్లా గొంతు చించుకున్నాడు. ఇప్పుడు కట్టేద్దామంటున్నాడు, అదీ అరగంట కూడా ఆలోచించకుండా.

వీరదుర్గకు మాత్రం ఆ మాట వేరేగా వినిపించింది. ఏడాదికి పాతిక లక్షలు ముక్కూ ముఖం తెలియని గవర్నమెంటుకు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఎన్నేళ్లయినా ఇస్తాడు. తన చేతిలో పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఇంకొక ఆడది ఉందేమోనని వారం రోజులు కుమిలిపోయింది. అదే ఉన్నా ఇంత చల్లగా గుండెలోకి దిగేది కాదేమో. గురువారం నుంచి ఆమె లోపల ఊగుతున్నదేదో నిలబడింది. ఏడుపు రాలేదు.

శ్యాంప్రసాద్ కాగితాలు దగ్గరికి తీసుకుంటుంటే ఆమె చేయి చాపి వాటి మీద పెట్టింది.

"ఉండండి. ఈ ఏడు పేజీల్లో నేనెక్కడ ఉంటానని రాశారు?"

శ్యాంప్రసాద్ సూరిబాబు వైపు చూశాడు. సూరిబాబు కిటికీ వైపే చూస్తుండేసరికి రెండో పేజీ తీసి చదివాడు. భార్య నివాసం, పక్క ఎమిరేటు అజ్మాన్‌లో సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు దగ్గర ఉన్న ఫ్లాటు. కోవిడ్‌కి ముందు కొన్నది. అద్దెకున్నవాళ్లు వెళ్లిపోయాక ఏడాదిగా ఖాళీగా పడి ఉందని సూరిబాబు చాలాసార్లు విసుక్కున్నదే. ఉత్తి ఎడ్రసు కోసమే రాశామన్నాడు శ్యాంప్రసాద్, మేడమ్ ఇల్లు కదలక్కర్లేదన్నాడు.

"పెన్ను ఇవ్వండి."

"వద్దన్నానుగా," అన్నాడు సూరిబాబు. "అయిపోయింది. పన్ను కట్టేస్తున్నా."

"మీరు కట్టుకోండి. మీ సంతకం ఉంది గదా ఇందులో."

శ్యాంప్రసాద్ జేబులో ఉన్న పెన్ను ఆమే తీసుకుంది. మొదటి పేజీ మీద తెలుగులో, అక్షరాలు విడివిడిగా, వీరదుర్గ అని రాసింది. రెండో పేజీ తిప్పింది. ఆమె రాయడం నిదానం. ఒక్కో సంతకానికి ఎంతసేపు పట్టిందంటే, ఆపాలనుకున్నవాడు లేచి వచ్చి ఆపొచ్చు. సూరిబాబు లేవలేదు. ఆమె నిజంగా ఏడో పేజీ దాకా వెళుతుందని ఆయన అనుకున్నట్టు లేదు.

భార్గవి మెట్లు దిగి వచ్చింది. "అమ్మా, అది దొంగ ఒప్పందమని నీకు తెలుసు కదా. నువ్వు కూడా పెడుతున్నావా?"

"దొంగది కాకుండా చేత్తన్నానమ్మా."

ఆఖరి రెండు పేజీలూ విడిగా తీసి, మడవకుండా, సూరిబాబు ముందు పెట్టింది. ఏడు పేజీలూ తన ఒళ్లో పెట్టుకుంది. శ్యాంప్రసాద్ గొంతు సవరించుకుని, రిజిస్ట్రేషన్ హైదరాబాదులో జరిగితే తప్ప బిల్డింగు చేతికి రాదని మెల్లగా చెప్పాడు. తెలుసన్నట్టు ఆమె తలూపింది. తెలియదు. తెలుసుకోవచ్చు.

"దుర్గా," అన్నాడు సూరిబాబు. ఈసారి గొంతులో ఆ మెత్తదనం లేదు. ఏ వేషమూ లేదు. "ఏం చేద్దామని?"

"రాసిందే చేత్తాను. అజ్మాన్ వెళ్తాను. ఆ ఫ్లాటు తాళాలు ఇప్పించండి."

సూరిబాబు జేబులో చేయి పెట్టి తీశాడు. వట్టి చేయి. "ఇప్పుడు నా దగ్గర లేవు."

"ఆఫీసులో ఉన్నాయా? డ్రైవర్ని పంపించండి."

"ఆఫీసులో కూడా లేవు."

భార్గవి తండ్రి వైపు తిరిగింది. శ్యాంప్రసాద్ బ్యాగు ముందుకు లాక్కుని, లోపల ఏదో పోయినట్టు వంగి వెతకసాగాడు.

"ఖాళీ ఫ్లాటు గదండీ అది," అంది వీరదుర్గ. "తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"